నడిమి ముద్దకు మాత్ర

క్లోమం లేకుండా ఎనిమిదేళ్లుగా బెంగళూరు వీధుల్లో తిరుగుతున్న మనిషిని నేనొక్కడినే. నలభై రెండు రోజులు ఐసీయూలో ఉన్నాను. నలుగురు డాక్టర్లు వేర్వేరుగా వచ్చి, ఇక దేవుడి మీద భారం వేయమని నా భార్యతో చెప్పి వెళ్లారు. నలభై మూడో రోజు పొద్దున కళ్లు తెరిచి, పక్కనున్న నర్సును చిత్రాన్నం దొరుకుతుందా అని అడిగాను. ఆమె చేతిలోని ట్రే కింద పడిపోయింది.

నగర్తపేటలో నేను ఈ కథ చెప్పని అంగడి లేదు. టీ అంగట్లో చెప్పినప్పుడు ట్రే పడింది. మంగలి షాపులో చెప్పినప్పుడు ట్రేతో పాటు నర్సు కూడా పడింది.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి పట్టు కాస్త సడలించాలి. నేను నలభై ఏళ్లు లేసులు, జరీ అంచులు, ఎలాస్టిక్ అమ్మే హోల్‌సేల్ అంగట్లో గుమాస్తాగా కొలతలు కొలిచాను. ఆ పనిలో ఒక చేతివాటం ఉంది. లేసును గజం బద్ద మీద పరిచేటప్పుడు బొటనవేలితో కొంచెం లాగి పట్టుకుంటే తొమ్మిది గజాలు పది అవుతాయి. కొన్నవాడు ఇంటికి పోయి విప్పేసరికి అది మళ్లీ ముడుచుకుని తొమ్మిదే ఉంటుంది. నాకు ఎవరూ నేర్పలేదు, చేతికి అదే వచ్చింది. చేతి నుంచి నోటికి ఎప్పుడు పాకిందో గుర్తు లేదు.

లాగకుండా కొలిస్తే సంగతి ఇది. ఐసీయూలో పదకొండు రోజులు, తర్వాత వార్డులో ఒక నెల. డాక్టర్లు ఇద్దరే. దేవుడి మాట ఎత్తింది అందులో ఒకరు, అదీ నా భార్య పట్టుబట్టి అడిగితే. క్లోమం మొత్తం పోలేదు. అది వాచి, తన రసంలో తానే ఉడికి, సగానికి పైగా చచ్చిపోయింది. ఆ చచ్చిన భాగాన్ని పక్కటెముకల కింద గొట్టం పెట్టి వారాల తరబడి బయటికి లాగారు. ఇప్పుడు నాలో మిగిలింది తోక ముక్క. చిత్రాన్నం మాట పూర్తిగా కల్పితం. కళ్లు తెరిచి నేను అడిగింది నా చెప్పులు ఎక్కడున్నాయని.

ఈ జబ్బు ఎందుకు వచ్చిందని అడిగినవాళ్లకు పిత్తాశయంలో రాయి అని చెప్పేవాణ్ణి. రాయి అయితే మర్యాదగా ఉంటుంది, అది ఎవరి తప్పూ కాదు. నాకు రాయి లేదు. అంగడి మూశాక ఇంటికి పోయే దారిలో ముప్పై ఏళ్లు నేను ఆగిన చోటు ఒకటి ఉంది. అంతే.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు నన్ను కాక నా భార్యను కూర్చోబెట్టి చెప్పాడు. మందు, బీడీ ఇక జన్మలో లేవు. క్లోమం రెండు పనులు చేస్తుంది. ఒకటి తిన్నది అరగడానికి రసం పోయడం, రెండోది చక్కెరను అదుపులో ఉంచడం. తోక ముక్కకు ఆ రెండూ చేసే శక్తి లేదు. అందుకని చక్కెరకు రోజూ ఇన్సులిన్ సూదులు. రసానికి బదులు తిండితో పాటు వేసుకునే క్యాప్సూళ్లు, పూటకు మూడు. అవి లేకపోతే ఎంత తిన్నా నూనె, సత్తువ ఒంటికి పట్టకుండా దిగిపోతాయి. తిండితో పాటు అన్న మాటను ఆయన రెండుసార్లు అన్నాడు. నా భార్య రెండుసార్లూ తలూపింది. నేను కిటికీలోంచి బయటి జామచెట్టు చూస్తున్నాను.

ఆమె దానికి ఒక పద్ధతి పెట్టింది. నేను నేల మీద కంచం ముందు కూర్చుంటాను. ఆమె ఎదురుగా మాత్రల అట్ట పట్టుకుని కూర్చుంటుంది. మొదటి ముద్దకు ఒకటి, నడిమి ముద్దకు ఒకటి, మజ్జిగ పోసుకునే ముందు ఒకటి. మొదటిది నేనే వలుచుకోగలను. నడిమి ముద్ద వేళకు నా కుడి చెయ్యి మణికట్టు దాకా రాగి ముద్దలో, దాని మీద పోసుకునే పులుసు లాంటి సారులో ఉంటుంది. ఆ ఎంగిలి చేత్తో అట్ట ముట్టుకుంటే అది మళ్లీ డబ్బాలోకి పోవాలి. ఎడమ చేత్తో నోట్లో ఏదైనా వేసుకోవడం మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి లేదు. అందుకని ఆమె తన మడి చేత్తో వలిచి, "నోరు" అనేది. నేను తెరిచేవాణ్ణి. నాలుక మీద పెట్టేది. నేను లేచాక తను తినేది.

మాకు పిల్లలు లేరు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె నా ఎదురుగా అలా కూర్చున్న రోజులు తక్కువ. నేను కూర్చోనిచ్చింది లేదు. దారిలో ఆగి ఆగి నేను ఇల్లు చేరేసరికి కంచం మీద కంచం బోర్లించి, ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. జబ్బు తర్వాత నాకు ఆగే చోటు లేకుండా పోయింది. నేరుగా ఇంటికే. అలా అయిదేళ్లు రెండు పూటలా మాత్రల అట్టకు అటువైపు ఆమె, ఇటువైపు నేను. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. నీళ్ల ట్యాంకరు రాలేదని, కింది అంగడివాడు మళ్లీ మెట్ల మీద మూటలు పెట్టాడని. ఆ అయిదేళ్లలో నేను ఆమె ముందు ఒక్క కథను కూడా లాగినట్టు గుర్తు లేదు. ఆమెకు అసలు కొలత తెలుసు కదా.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె కూరగాయల సంచితో వచ్చి, రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. చచ్చి బతికానని ఊరంతా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి నేను. తలనొప్పికి కూడా మాత్ర వేసుకోని మనిషి ఆమె. వరసలో నేను ముందున్నాను, ఆమె నన్ను తోసుకుని పోయింది.

ఆ తర్వాత మూడో అంతస్తులోని అదే గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. వంట చేసుకోవడం నెల రోజులు ప్రయత్నించాను. ఒక్కడి కోసం ముద్ద గెలకడం ఎంత కష్టమో చేసినవాడికి తెలుస్తుంది. కర్ర తిరగడానికైనా గిన్నెలో పిండి ఉండాలి. సందు చివర ఒక మెస్సు ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన మన తెలుగామె, యాభై దాటినావిడ, నడుపుతోంది. ఇత్తడి పాలిష్ చేసేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, జరీ పనివాళ్లు అక్కడే తింటారు. రెండు పొడుగు బల్లలు, నాలుగు బెంచీలు. ఎప్పుడు పోయినా చోటు కోసం గోడకు ఆనుకుని నిలబడాల్సిందే.

అంతమంది మధ్యలో నడిమి మాత్ర ఎవరు వలుస్తారు? నేను ఒక ఉపాయం కనిపెట్టాను. గదిలోనే మూడు మాత్రలూ ఒకేసారి మింగి, చెంబెడు నీళ్లు తాగి, తాళం వేసి, మెల్లగా మూడంతస్తులు దిగి, సందు నడిచి, గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. ఒక్కోరోజు అరగంట, ఒక్కోరోజు గంట. మూడేళ్లలో ఒక్క మాత్ర తప్పలేదు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడల్లా ఆ మాట గర్వంగా చెప్పేవాణ్ణి. తిండితో పాటేనా అంటే, భోజనానికి ఇక్కడివాళ్లు అనే మాటలో, ఊటకే సార్ అనేవాణ్ణి. ఊటకు పోయేముందే కదా వేసుకుంటున్నాను. అది అబద్ధమని నాకు అనిపించలేదు.

ప్యాంటు వదులైంది. బెల్టుకు కొత్త బొక్కలు పొడిపించాను, ఒకటి, తర్వాత ఇంకొకటి. పాత అంగడివాళ్లు అడిగితే రోజూ లాల్‌బాగ్ చుట్టూ ఎనిమిది రౌండ్లు కొడుతున్నానని చెప్పాను. ఒకతను తన తమ్ముణ్ణి కూడా పంపుతానన్నాడు, ఆరు గంటలకు గేటు దగ్గర ఉండమన్నాడు. నేను దారి మార్చుకున్నానని తప్పించుకున్నాను.

ప్రతిదీ పెంచి చెప్పే నేను ఒక్క విషయం మాత్రం పూర్తిగా మింగేశాను. పొద్దున పాయిఖానాలో నూనె తేలేది. మూడు చెంబులు పోసినా పోయేది కాదు. అలా ఉంటే వెంటనే చెప్పాలని ఆ ఆసుపత్రి గోడ మీద బొమ్మ వేసి మరీ అంటించారు. ఆ బొమ్మ కిందే కూర్చుని నా నంబరు పిలిచేదాకా కాచుకునేవాణ్ణి. లోపలికి పోయి, అంతా బాగుంది సార్ అనేవాణ్ణి. ఇంట్లో ఆమె ఉంటే చెంబుల చప్పుడుకే పసిగట్టేది.

ఈ ఏడాది మొదట్లో బరువు యంత్రం నలభై ఎనిమిది చూపించింది. ఆమె ఉన్నప్పుడు అరవై ఒకటి ఉండేవాణ్ణి. డాక్టరు నా పాత కాగితాలు ముందు నుంచి చివరిదాకా తిప్పాడు. ఒకసారి అంత దెబ్బ తిన్న క్లోమాన్ని ఎప్పుడూ ఒక కంట కనిపెట్టాలని, మిగిలిన ముక్కలో వేరే ఏదైనా మొదలై ఉండొచ్చని, ఇంత బరువు ఊరికే తగ్గదని, స్కాన్ చేయాలని అన్నాడు. ఆ వేరే ఏదైనాకు పేరు పెట్టలేదు. నేనూ అడగలేదు. లాగి కొలిచేవాడికి కూడా ఎక్కడ బద్ద ఆపాలో తెలుస్తుంది.

స్కాన్ రోజు ఒక కాగితం ఇచ్చారు. తోడు వచ్చినవారి పేరు, ఫోను నంబరు రాయమని అందులో ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేశాను. నర్సు వచ్చి తోడు ఎవరని అడిగింది. కారు పెట్టడానికి కిందికి పోయాడని చెప్పాను. నాకు కారు లేదు. పెట్టేవాడూ లేడు. రెండు బస్సులు మారి వచ్చాను. పావుగంటకు ఆమె మళ్లీ వచ్చి, ఇంకా రాలేదా అంది.

"బెంగళూరు కదమ్మా, పార్కింగ్ దొరకొద్దా," అన్నాను.

ఆమె నవ్వింది. ఆ రోజంతా నాతో నవ్విన మనిషి ఆమె ఒక్కతే. ఆ గడిలో ఏమి రాసుకుందో తెలియదు కానీ నన్ను లోపలికి పంపింది.

రిపోర్టుకు నాలుగు రోజులన్నారు. ఆ నాలుగు రోజులు నేను ఒక పని పెట్టుకున్నాను. చెడ్డ మాటే వస్తే ఎవరికి ఎలా చెప్పాలో తయారు చేసుకోవడం. టీ అంగట్లో ఒక రకంగా, మంగలి షాపులో ఒక రకంగా, పాత అంగట్లో ఇంకో రకంగా చెప్పాలి కదా. గదిలో కూర్చుని ఒక్కొక్కటే మొదలుపెట్టి చూశాను. ఏదీ ముందుకు సాగలేదు. పెంచాలంటే చివర్లో నేను లేచి కూర్చుని చిత్రాన్నం అడగాలి. ఈ కథలో నేను లేచే చోటు కనిపించలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. నేను కథలు చెప్పే చోట్లు తొమ్మిదో పదో ఉన్నాయి, కబురు చెప్పాల్సిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఫోనులో పేర్లు పైనుంచి కిందికి చూశాను. గ్యాసువాడు, కరెంటు మేస్త్రీ, పాత యజమాని కొడుకు. కిందినుంచి పైకి కూడా చూశాను.

మెస్సులో ముద్ద సగం వదిలేసేవాణ్ణి. రెండో రోజు మెస్సు ఆమె గరిటె పట్టుకుని నా ముందు ఆగింది.

"ఏమన్నా, ఊట వదిలేస్తా ఉండావు? ఉప్పు ఎక్కువ అయ్యిందా?"

డాక్టరు తగ్గించమన్నాడని చెప్పాను. ఆమె నా మెడ దగ్గర ఎముకలను చూసింది. ఇంకా ఏమి తగ్గించాలంట అని గొణుక్కుంటూ పక్క బల్లకు పోయింది.

అయిదో రోజు డాక్టరు రిపోర్టు చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. గడ్డ లేదు. కొత్తగా ఏమీ మొలవలేదు. మిగిలిన ముక్క ఎండిపోయినట్టు చిన్నదిగా, గట్టిగా ఉంది, అది ఎప్పుడూ ఉన్నదే. నాకు లేచి ఎవరికైనా చెప్పాలనిపించింది. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు, ఆయనకు ఎటూ తెలుసు. మరి బరువు ఎందుకు పోతోందని ఆయనే తనను తాను ప్రశ్నించుకుని, నన్ను పక్క గదిలోని ఆహారం చెప్పే అమ్మాయి దగ్గరికి పంపాడు.

ఆ అమ్మాయి మన తెలుగు పిల్లే, కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చింది. నేను తినేవన్నీ రాసుకుంది. తర్వాత డ్రాయరులోంచి ఒక ఖాళీ ప్లేటు, ఒక ఖాళీ మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"అంకుల్, మీరు రోజూ ఎలా వేసుకుంటారో నాకు చేసి చూపించండి."

నేను నిజాయితీగా చేశాను. మూడు మాత్రలు వలిచినట్టు వలిచాను, మింగినట్టు మింగాను, నీళ్లు తాగాను. లేచి తాళం వేసినట్టు వేసి తలుపు వైపు నడిచాను.

"ఎక్కడికి అంకుల్?"

"మెస్సుకమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. మెస్సు ఎంత దూరం, అక్కడ ఎంతసేపు వెయిట్ చేస్తారు, ఎన్నేళ్లుగా ఇలా అని ఒకటొకటే అడిగింది. నేను చెబుతుంటే నాకే తెలిసిపోయింది. మాత్రలు వడ్డించేవాళ్లలా ముందే కడుపులోకి వచ్చి, కాచుకుని, లేచి వెళ్లిపోయాక నేను విస్తరి వేస్తున్నాను. మూడేళ్లు. ఆమె తిట్టలేదు. పాయిఖానా సంగతి అడిగింది. తల వంచుకుని నూనె మాట చెప్పాను. నాలుగు చెంబులు పోసినా పోదన్నాను. మూడే, కానీ ఆ వేళకు చెయ్యి అలవాటుగా లాగింది.

తినేటప్పుడే, మొదట ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి, మజ్జిగ తాగినా బిస్కెట్ తిన్నా ఇంకొకటి అని ఆమె కాగితం మీద కంచం బొమ్మ వేసి ఇచ్చింది. ఎముకలకు, కళ్లకు విటమిన్లు కూడా రాయించింది. ఎంగిలి చెయ్యి సమస్య నేను వివరంగా చెప్పాను. దానికి ఆమె ఒక చిట్కా చెప్పింది. అది ఇక్కడ రాయనక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా తీసి ఇస్తారా అని అడిగితే, ఇస్తారమ్మా అన్నాను.

నేరుగా మెస్సుకు పోయాను. బల్ల దగ్గర చోటు దొరకగానే మెస్సు ఆమెను పిలిచి, అట్ట ముందు పెట్టి, పెద్ద డాక్టరు మాటగా చెప్పాను. ఈ మాత్ర చాలా సున్నితమైనది. తినేవాడి ఎంగిలి తగిలితే పని చేయదు. ఇంకొకరు శుభ్రమైన చేత్తో, సరిగ్గా నడిమి ముద్ద వేళకు వలిచి ఇవ్వాలి. ఇది విదేశాల్లో కూడా ఇలాగే చేస్తారు. ఎదురుగా కూర్చున్న పాలిష్ పనివాడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి విన్నాడు.

ఆమె నన్ను చూసింది, అట్టను చూసింది. కొంగుకు చెయ్యి తుడుచుకుంది. నడిమి ముద్ద వేళకు వచ్చి వలిచింది. నేను అలవాటున నోరు తెరిచాను.

"చేతికి తీసుకోప్పా," అని కంచం అంచున పెట్టి పోయింది.

నాకు సిగ్గేసింది. తీసుకుని మింగాను.

వారం తిరిగేసరికి అది మెస్సు పద్ధతిలో కలిసిపోయింది. అటు బల్లకు సారు పోస్తూనే ఆమె ఒక కన్ను ఇటు వేసేది. ఆమె మరిచిపోతే బెంచీ మీద ఎవరో ఒకరు, అక్కా తాత మాత్ర అని కేక వేసేవారు. మా ఇంట్లో నాకు అన్నమే సరిగా పెట్టరు, నాకూ ఒకటి వలువక్కా అని ఒక మూటలవాడు రోజూ అనేవాడు. రోజూ అందరూ నవ్వేవారు. నేను నడిమి ముద్దను కాస్త ఆలస్యం చేయడం నేర్చుకున్నాను. సారు ఆరిపోయేది. ఫరవాలేదు.

రెండు నెలలకు మూడు కిలోలు వచ్చాను. తిన్నది ఒంటికి పట్టడం మొదలయ్యేసరికి ఇన్సులిన్ కొంచెం పెంచాల్సి వచ్చింది, డాక్టరు అది మంచి గుర్తే అన్నాడు. బెల్టు ఒక బొక్క వెనక్కి వచ్చింది. పొద్దున ఒక్క చెంబుతో సరిపోతోంది. ఈ ఒక్క లెక్కలో లాగుడు లేదు.

పోయిన వారం మూడు గంటల వేళ మెస్సు ఖాళీ అయ్యాక ఆమె తన కంచం పెట్టుకుని కూర్చుంది. నేను ఎదుటి బెంచీ మీద కూర్చుని, ఇదంతా రాస్తున్నానని చెప్పి, ఇంతదాకా రాసింది చదివి వినిపించాను. చివర్లో ఒక వాక్యం కూడా తయారు చేసుకున్నాను. ఎంగిలి పాటించే మన ఆచారమే నన్ను చావు దాకా తీసుకుపోయిందని, ఆ ఆచారమే మళ్లీ నన్ను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి బతికించిందని. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. కొంచెం గొంతు పెంచి చదివాను. ఎలా ఉందని అడిగాను.

ఆమె నోట్లోది నమిలి మింగింది. నీళ్లు తాగింది.

"సుమ్నే, ఊరికే ఎంగిలి మీద వేయొద్దన్నా. రూములోనే ఆ మూడూ వలిచి ఒక డబ్బీ మూతలో వేసుకొని వస్తే అయిపోతాది. ఎవురూ వలిచే పని లేదు. ఆ ఆసుపత్రి పిల్ల చెప్పింది కూడా అదే కదా, నువ్వు రాయకుండా దాటేసినావు. నాకు మొదటి రోజే తెలుసు. చెప్తే మళ్లీ ఒక్కడివే మింగేసి వస్తావని ఊరుకున్నా. నీకు తినేటప్పుడు పక్కన మనిషి ఉండాల, అంతే సంగతి. మీ ఇంటామెకూ తెలిసే ఉంటాది."